బాగుచేయించిన బండి మళ్లీ ఆగిపోతే
హోసూరు, కృష్ణగిరి ప్రాంత వాహన యజమానుల హక్కులపై ప్రసంగ పాఠం



హోసూరులో కారున్న తెలుగు కుటుంబానికి మూడు రాష్ట్రాలూ ఒకే పెరడు వంటివి. ఇల్లు తమిళనాట. ఉద్యోగం సిప్కాట్‌లో, కాకుంటే అత్తిబెలె దాటి బొమ్మసంద్రలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో. పండుగకు వెళ్లే ఊరు కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు. ఒకే వీధిలో టీఎన్-70 బండి పక్కన కేఏ-51, దాని పక్కన ఏపీ-39 నిలిచి ఉండడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. బండి చెడితే దారిలో దొరికిన చోట, తెలిసినవారు చెప్పిన చోట బాగుచేయిస్తారు. ఆ మరమ్మతు వికటించినప్పుడు మాత్రం అంతవరకు గుర్తుకు రాని సరిహద్దు ఒక్కసారిగా గుర్తుకు వస్తుంది. షెడ్డు కర్ణాటకలో ఉంది, కేసు అక్కడే వేయాలట, సెలవులు పెట్టుకొని ఎవరు తిరుగుతారు అనుకొని నష్టాన్ని మింగి ఊరుకునేవారే ఎక్కువ.

ఆ భయానికి 2020 జూలై 20 నుంచి చట్టంలో ఆధారం లేదు. ఆ రోజున అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఫిర్యాదీ తాను నివసించే చోట గాని, పనిచేసుకొని సంపాదించే చోట గాని ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చునని 34వ సెక్షన్‌లో చెప్పింది. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అప్పట్లో ఎదుటి పక్షం ఉన్న చోటికో, వివాదం పుట్టిన చోటికో ఫిర్యాదీయే వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు హోసూరు నివాసి బొమ్మసంద్రలోని షెడ్డు మీద కృష్ణగిరి జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బండి ఏ రాష్ట్రపు నంబరుదన్న ప్రశ్న ఇక్కడ తలెత్తదు. యజమాని ఎక్కడ నివసిస్తున్నాడన్నదే ప్రధానం. ఆధార్ కార్డులో ఇంకా సొంత ఊరి చిరునామాయే ఉన్నవారు మాత్రం ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం వంటి హోసూరు నివాసపు ఆధారాన్ని జతచేయాలి.

సరిహద్దు అడ్డు తొలగింది. అయినా అసలు ప్రమాదం వేరే చోట ఉంది. బండి అప్పగించిన రోజున కాగితం తీసుకోకపోవడం వల్లనే ఎక్కువ న్యాయమైన ఫిర్యాదులు వీగిపోతాయి. ఆ సంగతి తేటపడడానికి ఒక ఊహా సన్నివేశం చూడవచ్చు.

బాగలూరు రోడ్డులో అద్దెకు ఉంటూ సిప్కాట్‌లో పనిచేసే ఒక ఉద్యోగి ఉన్నాడనుకోవాలి. అతని సొంత ఊరు పలమనేరు. కారు ఇంజను తరచుగా వేడెక్కుతోంది. సహోద్యోగి ఒకరు బొమ్మసంద్రలో తెలుగు మెకానిక్ ఉన్నాడని చెబితే అక్కడికి తీసుకువెళ్లాడు. మెకానిక్ చూసి, రేడియేటరు పోయింది, కొత్తది వేయాలి, వాటర్ పంపు కూడా మార్చాలి అన్నాడు. రెండు రోజుల తరువాత 18,600 రూపాయలు ఫోను ద్వారా తీసుకొని తాళం చేతికిచ్చాడు. బిల్లు అడగబోతే, “మనలో మనకు బిల్లేమిటన్నా, ఏదైనా ఉంటే నేను లేనా?” అన్నాడు. అడగడమే తప్పయినట్టు యజమాని నవ్వి వచ్చేశాడు.

నాలుగో రోజు కుటుంబంతో ఊరికి బయలుదేరాడు. శూలగిరి దాటాక వేడిముల్లు ఎరుపులోకి పోయింది. కృష్ణగిరి చేరకముందే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది, బండి ఆగింది. పిల్లలు ఎండలో, లారీలు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. బండిని లాగించి కృష్ణగిరిలో ఒక షెడ్డుకు చేర్చారు. అక్కడి మెకానిక్ విప్పి చూసి, రేడియేటరు కొత్తది కాదు, పాతదానికే మందు పూసి బిగించారు, గొట్టం క్లిప్పు కూడా వదులుగా ఉంది, వేడికి హెడ్ గ్యాస్కెట్ పోయింది అన్నాడు. ఊరిలో పెళ్లి ఉంది. ఎలాగైనా బాగుచేయమని యజమాని చెప్పాడు. సాయంత్రానికి బండి తిరిగింది. పాత రేడియేటరు, కాలిన గ్యాస్కెట్ ఆ రాత్రికే పాత ఇనుము బస్తాలోకి వెళ్లిపోయాయి.

ఈ మనిషికి జరిగింది అన్యాయమే. కానీ కమిషన్ ముందు అతని చేతిలో ఉన్నదల్లా ఫోనులో 18,600 రూపాయలు పంపిన ఒక గుర్తు. అవి దేనికి పంపాడో అందులో లేదు. మెకానిక్ అది చేబదులు తీర్చిన సొమ్మనవచ్చు, కూలెంట్ మార్చి గొట్టాలు సరిచేసినందుకనవచ్చు. రేడియేటరు మారుస్తానని తాను అననే లేదనవచ్చు. లోపం చూపే వస్తువేమో మిగలలేదు.

చట్టం అతని పక్షానే ఉన్నదన్న సంగతిని ముందు గుర్తించాలి. డబ్బు తీసుకొని బండి బాగుచేయడం సేవ. ఆ సేవ నాణ్యతలోనో, పనిచేసిన తీరులోనో దోషం, లోటు, కొరత ఉంటే దానిని చట్టం సేవాలోపం అంటుంది. నిర్లక్ష్యం వల్ల నష్టం కలిగించడం, వినియోగదారుకు చెప్పవలసిన సమాచారాన్ని తెలిసీ దాచడం కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు, రోడ్డుపక్క రేకుల షెడ్డు అన్న తేడా నిర్వచనంలో లేదు. చేసిన సేవకు బిల్లు గాని రసీదు గాని ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. చిన్న షెడ్డుకు జీఎస్టీ నమోదు లేకపోవచ్చు. అంతమాత్రాన మామూలు బిల్లు కూడా ఇవ్వనక్కరలేదని అర్థం కాదు. బిల్లు వద్దంటే పన్ను మిగులుతుందని ఆశపడే యజమానులూ ఉన్నారు. వారు ఆ కాస్త డబ్బుకు తమ సాక్ష్యాన్నే అమ్ముకుంటున్నారు.

ఇక్కడ వలసవచ్చిన తెలుగువారి స్వభావం గురించి ఒక మాట చెప్పక తప్పదు. పరాయి ఊళ్లో సొంత భాష మాట్లాడే మనిషి దొరికితే కలిగే ఊరట చిన్నది కాదు. ఆ ఊరటలో కాగితం అడగడం అవమానంగా తోస్తుంది. కానీ బిల్లు యజమానికే కాదు, నిజాయితీపరుడైన మెకానిక్‌కు కూడా రక్ష. తాను ముట్టుకోని భాగం ఆరు నెలల తరువాత చెడితే, తాను చేసిన పని ఇంతేనని చూపడానికి అతనికీ మరో ఆధారం లేదు.

కనుక బండి అప్పగించేటప్పుడే కొన్ని విషయాలు రాతలో ఉండాలి. పెద్ద సర్వీసు సెంటర్లలో జాబ్ కార్డు ఇస్తారు. చిన్న షెడ్డులో తెల్లకాగితమైనా చాలు. తేదీ, బండి నంబరు, తిరిగిన కిలోమీటర్లు, యజమాని చెప్పిన బాధ, మెకానిక్ చేస్తానన్న పని, అంచనా ఖర్చు, ఇస్తానన్న రోజు ఉండాలి. వేసే భాగం కంపెనీదా, బయటిదా, వాడినదా అన్నదీ రాయించాలి. ఆ కాగితం కూడా ఇవ్వనివారికి వాట్సాప్‌లో ఒక సందేశం పంపవచ్చు: “రేడియేటరు, వాటర్ పంపు కొత్తవి వేయడానికి బండి ఇచ్చాను, ఖర్చు సుమారు ఇంత అన్నారు.” దానికి “సరే అన్నా” అని జవాబు వస్తే అదే జాబ్ కార్డు. ఆ సందేశాలను చెరిపివేయకూడదు. మార్చిన పాత భాగాలను తిరిగి ఇమ్మని ముందే చెప్పాలి. కొత్త రేడియేటరు వేసినవాడికి పాత రేడియేటరు చూపడం కష్టం కాదు.

బండి రెండోసారి ఆగినప్పుడు చేయవలసినది ఇంకా ముఖ్యం. ముల్లు ఎరుపులోకి పోతే అక్కడే నిలిపివేయాలి. ఇంకొంచెం పోతే ఊరు వస్తుందని నడిపితే ఇంజను పోవడమే కాక, తెలిసీ నడిపినందువల్లనే నష్టం పెరిగిందని షెడ్డు వాదిస్తుంది, ఆ వాదనకు బలం కూడా ఉంటుంది. నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు దానిని తగ్గించుకునే మార్గం యజమాని చేతిలో ఉన్నదా అని చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే 73వ సెక్షన్ వివరణలో చెబుతోంది. మామూలు మోటారు బీమా పాలసీ యంత్రం తనంతట తాను చెడిపోవడాన్ని పూడ్చదు. కాబట్టి బీమా ఉందిలే అన్న ధీమా కూడా ఇక్కడ పనికిరాదు.

రెండో షెడ్డులో విప్పకముందే ఫోటోలు, వీడియో తీయాలి. మొదటి షెడ్డుకు ఫోను చేసి, తరువాత అదే సంగతి సందేశంగానూ పంపి, వచ్చి చూసుకొమ్మని ఒక అవకాశం ఇవ్వాలి. వారు రాకపోతే ఆ సందేశమే సాక్ష్యం. రెండో మెకానిక్ చూసిన లోపాలను అతని లెటర్‌హెడ్ మీద సంతకంతో రాయించుకోవాలి. అంగీకరిస్తే ప్రమాణపత్రంగా తీసుకోవడం ఇంకా మేలు, ఎందుకంటే జిల్లా కమిషన్ సాధారణంగా ప్రమాణపత్రాలను, పత్రసాక్ష్యాన్ని ఆధారం చేసుకొనే విచారణ జరుపుతుంది. విప్పిన భాగాలను సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోవాలి. పెళ్లి హడావుడిలో ఇదంతా జరిగే పనేనా అని ఎవరైనా అడగవచ్చు. కష్టమే. కనీసం ఆ పాత రేడియేటరునైనా డిక్కీలో వేసుకొని ఉంటే ఆ ఉద్యోగి పరిస్థితి వేరుగా ఉండేది.

ఇంత పట్టుదల ఎందుకంటే, సేవాలోపం ఉన్నదని రుజువు చేసే భారం ఫిర్యాదీ మీదనే ఉంటుంది. సుప్రీంకోర్టు ఈ సంగతిని పలుమార్లు చెప్పింది, 2021 అక్టోబరులో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో మరోసారి స్పష్టపరచింది. నిపుణుడు లేకుండానే విషయం దానంతట అదే మాట్లాడే సందర్భాలు లేకపోలేదు. గట్టిగా గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ఒక కారు విషయంలో 2022 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానం వినియోగదారు పక్షాన తీర్పు చెప్పింది. రేడియేటరు వంటి వాటికి ఆ సూత్రం సులభంగా అమరదు. బండి ఆగడానికి వంద కారణాలు ఉంటాయి.

షెడ్డు గోడ మీద తరచుగా ఒక బోర్డు కనబడుతుంది: ‘వాహనాలు యజమాని బాధ్యత మీదనే నిలపాలి’. జాబ్ కార్డు వెనుక చిన్న అక్షరాలలోనూ ఉంటుంది. ఆ వాక్యంతో హక్కులన్నీ రద్దయిపోయాయని చాలామంది అనుకుంటారు. 1998 ఆగస్టు 1న ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు వెళ్లిన ఒక అతిథి తన మారుతీ జెన్ కారును, తాళాన్ని హోటల్ సిబ్బందికి అప్పగించాడు. తిరిగి వచ్చేసరికి కారును మరెవరో తీసుకుపోయారు. పార్కింగ్ చీటీ మీద బాధ్యత యజమానిదేనని అచ్చువేసి ఉంది. ఆ వివాదం రెండు దశాబ్దాలు నడిచింది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు, బండిని తన అధీనంలోకి తీసుకున్నవాడు దానిని క్షేమంగా తిరిగి ఇవ్వవలసినవాడేనని, తన నిర్లక్ష్యం నుంచి ఆ అచ్చు వాక్యం కాపాడదని తేల్చింది. అది హోటల్ కేసు, మరమ్మతు కేసు కాదు. అయితే ఒకరి వస్తువును పనికోసం తీసుకొని తిరిగి ఇచ్చే బాధ్యత షెడ్డుకూ ఉంది. షెడ్డులో ఉండగా బండికి సొట్ట పడినా, స్టీరియో మాయమైనా ఆ సూత్రాన్ని ఆశ్రయించవచ్చు.

అదే కాంట్రాక్టు చట్టం షెడ్డుకు కూడా ఒక హక్కు ఇచ్చింది, దానిని యజమాని గౌరవించాలి. తన శ్రమ, నైపుణ్యం పెట్టి ఒప్పుకున్న ప్రకారం పనిచేసినవాడు, కూలి ముట్టేవరకు వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చునని 170వ సెక్షన్ చెబుతోంది. సాన పట్టడానికి వజ్రం తీసుకున్న నగల పనివాడిని, కోటు కుట్టే దర్జీని చట్టమే ఉదాహరణలుగా చూపింది. మూడు నెలల అరువు ఒప్పుకున్న దర్జీకి మాత్రం కోటు ఆపుకునే హక్కు లేదని కూడా అక్కడే ఉంది. అందుచేత డబ్బు ఇవ్వకుండా తాళం లాక్కొని పోవడం తెలివైన పని కాదు. బిల్లు మీద అభ్యంతరం ఉంటే, “అభ్యంతరంతో చెల్లించాను” అని రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకొని, డబ్బు కట్టి బండి తెచ్చుకోవాలి. కట్టినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదు.

కోపం వచ్చినవారు ముందు పోలీసు స్టేషనుకు పోతారు. మంచి భాగాన్ని తీసి అమ్ముకున్నారన్న ఆరోపణ ఉంటే అది పోలీసుల పనే. పని సరిగా చేయలేదన్నది మాత్రం వారి పరిధిలోనిది కాదు, నగరపాలక సంస్థ పరిధిలోనిదీ కాదు. మొదటి మెట్టుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. వారు తీర్పు ఇవ్వరు, రాజీకి ప్రయత్నిస్తారు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, హెల్ప్‌లైనులో గడిచిన కాలం ఆ గడువును ఆపదు. ఆపైన షెడ్డుకు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, పదిహేను రోజులు వేచి, అప్పటికీ జవాబు లేకపోతే కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈ ఉత్తరం తప్పనిసరి అని చట్టంలో లేదు. కానీ అది ఫైలులో ఉంటే ఫిర్యాదీ తొందరపాటు మనిషి కాదని కనబడుతుంది.

సేవకు చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే వింటుంది. ఆ సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. కారు మరమ్మతు తగవులన్నీ దాదాపు ఈ వరుసలోనివే. రుసుమును చూసేది అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన సొమ్మును బట్టి. వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు. ఆన్‌లైనులో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. దరఖాస్తు పెట్టుకుంటే వీడియో ద్వారా హాజరయ్యే అవకాశాన్నీ చట్టం కల్పించింది. కృష్ణగిరి హోసూరుకు సుమారు 50 కిలోమీటర్లే అయినా, షిఫ్టులో పనిచేసేవారికి ఇది చిన్న ఊరట కాదు. ఫిర్యాదును ఇంగ్లీషులోనో తమిళంలోనో రాయించాలి. తెలుగు సందేశాలకు, ఉత్తరాలకు అనువాదం జతచేయాలి.

బాడుగ కారు నడిపి బతికేవారి విషయం కొంచెం సున్నితమైనది. వాణిజ్య అవసరానికి సేవ పొందినవారిని చట్టం వినియోగదారుగా గుర్తించదు. స్వయం ఉపాధితో జీవనోపాధి సంపాదించుకోవడానికి కొని వాడుకునే వస్తువును మాత్రం వాణిజ్యం కింద లెక్కించకూడదని వివరణ ఉంది. పాత చట్టంలోని వివరణలో సేవల మాట కూడా ఉండేది, కొత్త చట్టంలో వస్తువుల మాట ఒక్కటే మిగిలింది. అందువల్ల ఒకే బండి సొంతంగా నడుపుకొనే డ్రైవరు ఆ సంగతిని ఫిర్యాదు మొదటి పేరాలోనే స్పష్టంగా రాయాలి, అలాంటి ఫిర్యాదుకు న్యాయవాది సలహా తీసుకోవడం మంచిది.

ఎవరి మీద ఫిర్యాదు అన్నది కూడా ఆలోచించాలి. అధీకృత సర్వీసు సెంటరులో తప్పు జరిగితే వెంటనే కారు తయారుచేసిన కంపెనీని కూడా లాగడం ఆనవాయితీ. గోవాలో 2011 మోడలు ధర తీసుకొని, అప్పటికే తిరిగిన 2009 నాటి కారును డీలరు అంటగట్టిన కేసులో, డీలరు తప్పుకు తయారీదారు దానంతట అదే బాధ్యుడు కాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్నది. పని చేసి బిల్లు ఇచ్చినవారే ప్రధాన ప్రతివాది. అడిగేది కూడా కొలతగా ఉండాలి. వృథా అయిన మరమ్మతు సొమ్ము, బండి లాగించిన ఖర్చు, రెండో షెడ్డు బిల్లు, ఆ రోజులలో బాడుగ బండికి పెట్టిన ఖర్చు, పడిన బాధకు సమంజసమైన పరిహారం అడగవచ్చు. రేడియేటరు తగవులో కొత్త కారు కోరితే మిగిలిన కోరికల బరువూ తగ్గుతుంది.

నోటీసు అందాక షెడ్డు 30 రోజులలో జవాబు చెప్పాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ 45 రోజులకు మించి పొడిగింపు లేదని 2020 మార్చి 4న రాజ్యాంగ ధర్మాసనం పాత చట్టంలోని ఇదే నియమం మీద తీర్పు చెప్పింది. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలలలో ముగించాలని చట్టం ఆశించింది. ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది, ఆ ఓపికతోనే మొదలుపెట్టాలి. ఇరువర్గాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపుతారు, చిన్న మొత్తాలకు అదే త్వరగా తేలే దారి.

ఆదేశం వచ్చాక దానిని కాదనుకునేవారు 45 రోజులలో చెన్నైలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయాలి. డబ్బు చెల్లించమన్న ఆదేశమైతే షెడ్డు ముందుగా అందులో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలూ వేయక, డబ్బూ ఇవ్వక కాలం గడిపేవారికి నెలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ అమలు దరఖాస్తును కూడా, షెడ్డు అత్తిబెలెకు అవతల ఉన్నా సరే, కృష్ణగిరిలోనే వేయవచ్చు.